మత్తు సూది వెనుక ఒత్తిడి: మన చేతులు మనం కాపాడుకుందాం

(బిలోలిలో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 జై మార్కండేయ!

వార్షికోత్సవం అంటే జమాఖర్చులు చదవడం, పెద్దలకు శాలువాలు కప్పడం, చదువుకున్న పిల్లలకు బహుమతులివ్వడం. వీటి నడుమ ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కమిటీ పెద్దలు మమ్మల్ని అడిగారు. షుగర్ గురించో, బీపీ గురించో చెప్తామని మీలో చాలామంది అనుకొని ఉంటారు. వాటి గురించి శిబిరాల్లో ఎప్పుడూ వింటూనే ఉంటారు. మేము మత్తు వైద్యం చేసేవాళ్లం, మగ్గం ఇళ్లల్లో పుట్టినవాళ్లం. అందుకే మా పనికీ మీ పనికీ కలిసే ఒక సంగతి తెచ్చాం. ఆపరేషన్ ముందు చేయి ఒక్కటో, కాలు ఒక్కటో మొద్దుబారేలా ఇచ్చే మత్తు సూది ఉంది కదా, ఆ మందు ఎంత ఒత్తిడితో లోపలికి పోతున్నది అన్నదే ఆ సంగతి.

ఇది డాక్టర్లు చూసుకునే పని, మాకెందుకు అంటారేమో. మన బతుకంతా చేతివేళ్లలో ఉంది. బిలోలి, కుండల్‌వాడి, ధర్మాబాద్, దెగ్లూర్ చుట్టుపక్కల మనవాళ్లు కొందరు మగ్గం వదిలి వేరే పనుల్లోకి పోయారు. కొందరు భివండి, షోలాపూర్ సాంచాల మీద ఉన్నారు. ఆడవాళ్లు చాలామంది బీడీలు చుడుతున్నారు. ఏ పనైనా వేలిచివర స్పర్శ లేకపోతే సాగదు. తెగిన పోగును చీకట్లో కూడా అతికించే వేళ్లు మనవి. ఆ వేళ్లకు స్పర్శ ఇచ్చేది నరం. మత్తు మందు పోసేది ఆ నరం పక్కనే. కాబట్టి ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి.

ఈ మత్తు ఏమిటి?

మనవాళ్లు నరం అంటే రక్తనాళాన్ని కూడా అంటారు. సెలైన్ ఎక్కించేటప్పుడు నరం దొరకలేదు అంటాం కదా, అది రక్తనాళం. ఇక్కడ మేము చెప్పేది స్పర్శను, నొప్పిని మెదడుకు మోసే నరం, చేతిని కదిలించే నరం.

మత్తులో రకాలున్నాయి. మనిషి మొత్తం నిద్రపోయేది ఒకటి. నడుములో సూది వేసి కింది సగం మొద్దుబార్చేది ఇంకొకటి. మూడోది, ఏ భాగానికి ఆపరేషనో ఆ భాగానికి పోయే నరాల దగ్గర మాత్రమే మందు పోసేది. దీన్ని దవాఖానల్లో నర్వ్ బ్లాక్ అంటారు. చేతికైతే మెడ పక్కన, కాలర్ బోన్ పైన, లేకపోతే చంకలో ఇస్తారు. లిగ్నోకైన్, బుపివకైన్, రోపివకైన్ లాంటి మందులు వాడతారు. మణికట్టులో నరం నలిగితే చేసే ఆపరేషన్, చేయి విరిగితే వేసే ప్లేటు, సాంచాలో పడి నలిగిన వేళ్లకు కుట్లు, కిడ్నీ రోగులకు డయాలసిస్ కోసం చేతిలో చేసే ఫిస్టులా, వీటికి ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్లకు పూర్తి మత్తు ప్రమాదం తప్పుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని గంటలు నొప్పి ఉండదు.

ఇది కొత్తగా వచ్చింది కాదు. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ 1884లోనే నరం దగ్గర కొకైన్ పోసి చేయి మొద్దుబార్చాడు. 1911లో జర్మనీ వైద్యులు చర్మం కోయకుండా సూదితోనే చేతి నరాల గుత్తిని అందుకున్నారు. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ కాలర్ బోన్ పైన మందు పోసే పద్ధతి ప్రచురించారు. ఇవాళ పెద్ద దవాఖానల్లో ఆ యంత్రం మామూలైంది.

కాబట్టి మేము చెప్పేది విని ఎవరూ భయపడొద్దు. ఇది మంచి మత్తు. ఈ సూది తర్వాత చాలాకాలం నిలిచిపోయే నరం దెబ్బ 10,000 మందిలో సుమారు 2 నుంచి 4 మందికే కలుగుతుందని వైద్య గ్రంథాల్లో సాధారణంగా చెప్పే లెక్క. అంటే చాలా అరుదు. కానీ ఆ ఒక్కరు మన ఇంటివాళ్లైతే, ఆ చేయి నేత చేయి అయితే, అరుదు అన్న మాట అక్కరకు రాదు. అందుకే దాన్ని ఇంకా తగ్గించే ఉపాయం ఏదున్నా వాడుకోవాలి.

నరం కూడా నూలు కట్ట లాంటిదే

నరం ఎట్లుంటుందో మనకు చెప్పడం సులువు. అది ఒక్క పోగు కాదు. సన్నని పోగులు వేల సంఖ్యలో కలిసి ఒక చిలప. అట్లాంటి చిలపలు కొన్ని కలిసి ఒక కట్ట. ప్రతి చిలపకు చుట్టూ గట్టిగా బిగిసిన పొర ఉంటుంది. చిలపల మధ్య మెత్తని కొవ్వు, వదులైన దారాల్లాంటి పదార్థం ఉంటాయి. కట్ట మొత్తానికి పైన ఇంకో పొర ఉంటుంది.

మందు పోయవలసింది కట్టకు బయట, పక్కన. అక్కడ జాగా వదులుగా ఉంటుంది కాబట్టి మందు తేలికగా పరుచుకుంటుంది, మెల్లగా లోపలికి ఇంకుతుంది. సూది మొన పొరపాటున చిలప లోపలికి దూరితే సంగతి వేరు. అక్కడ పొర బిగువుగా ఉంది, జాగా లేదు. మందు పోవాలంటే బలంగా నెట్టాలి. నెడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. నరానికి రక్తం అందించే వెంట్రుకల్లాంటి నాళాలు నొక్కుకుపోతాయి. పోగులు చిట్లుతాయి. తర్వాత తిమ్మిరి, మంట, వేళ్లలో బలం తగ్గడం మొదలవుతాయి.

2004లో హాజిక్ అనే మత్తు వైద్యుడు, ఆయన సహచరులు కుక్కల తుంటి నరం మీద దీన్ని పరీక్షించారు. నరం లోపలికే సూది పెట్టి మందు పోసినా, తక్కువ ఒత్తిడితో పోయినవాటిలో కాలు మళ్లీ మామూలుకు వచ్చింది. మొదట్లోనే 25 పీఎస్ఐ, ఆ పైన ఒత్తిడి పడినవాటిలో మాత్రం బలహీనత మిగిలిపోయింది, నరం పోగులు దెబ్బతిన్నట్టు కనిపించింది. సూది ఎక్కడుందన్నది ఒక్కటే కాదు, ఎంత బలంగా నెట్టారన్నది కూడా లెక్కలోకి వస్తుందని అప్పటి నుంచి వైద్యులు గట్టిగా ఆలోచించసాగారు.

పీఎస్ఐ అంటే మనకు తెలియనిది కాదు. బండి టైరులో గాలి కొట్టించేటప్పుడు చెప్పే లెక్కే. మోటార్ సైకిల్ టైరులో మామూలుగా 25 నుంచి 35 దాకా ఉంటుంది. నరం దగ్గర మందు మొదలయ్యేటప్పుడు 15 దాటొద్దని ఇవాళ చాలామంది పెట్టుకున్న హద్దు. అంటే బండి టైరులో ఉండేదానికి దాదాపు సగం.

చేతి అంచనా ఎందుకు చాలదు?

ఈ మాటే మీకు చెప్పాలని మేము వచ్చాం.

పడుగు బిగువు ఎంతుందో మనకు మీటర్ అక్కర్లేదు. అరచేత్తో ఒకసారి నిమిరితే వదులో, బిగువో తెలుస్తుంది. తాతల నుంచి వచ్చిన విద్య అది. మత్తు డాక్టర్లు కూడా చాలాకాలం అట్లనే అనుకున్నారు. సిరంజి నొక్కుతుంటే చేతికి తెలుస్తుంది, గట్టిగా ఉంటే ఆపేస్తాం అనేవాళ్లు. మాకు చదువు చెప్పిన పెద్దలు నేర్పింది కూడా అదే.

కానీ ఈ రెండిటికీ తేడా ఉంది. మగ్గం మీద మన చేయి పోగునే తాకుతుంది. సిరంజి మీద చేయి తాకేది నరాన్ని కాదు, ప్లాస్టిక్ గొట్టం వెనుక ఉన్న పిస్టన్‌ను. మధ్యలో సన్నని గొట్టం, పొడుగు సూది ఉన్నాయి. సిరంజి చిన్నదైతే అదే బలానికి ఎక్కువ ఒత్తిడి పుడుతుంది, పెద్దదైతే తక్కువ పుడుతుంది. బొటనవేలితో నొక్కితే ఒక తీరు, అరచేత్తో నొక్కితే ఇంకో తీరు. చాలాచోట్ల డాక్టర్ సూది పట్టుకుంటే, మందు నెట్టేది పక్కనున్న సిస్టర్. అప్పుడు నరం పక్కనున్న చేయి ఒకరిది, బలం చూసే చేయి ఇంకొకరిది.

దీన్ని కూడా 2004లోనే పరీక్షించి చూశారు. నరం సూది వేసినట్టే ఏర్పాటు చేసి మత్తు డాక్టర్ల చేత సిరంజి నొక్కించి కొలిచారు. ఒకరికీ ఇంకొకరికీ ఎంతో తేడా వచ్చింది. ఎక్కువమంది తమకు తెలియకుండానే 20 పీఎస్ఐ దాటారు. వాళ్లకు అనుభవం లేదని కాదు. ఆ పనిలో చేయి చెప్పే సాక్ష్యమే నమ్మదగింది కాదు.

మరి అల్ట్రాసౌండ్ ఉంది కదా అంటారు. ఉంది, ఎంతో మేలు చేసింది. కానీ తెర మీద సూది మొన ప్రతి క్షణం కనపడదు. లావు మనుషుల్లో, లోతు నరాల్లో ఇంకా కష్టం. 2014లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మెడ పక్కన నరాల దగ్గర సూది మొన నరాన్ని ఆనుకున్నప్పుడు, ఒక్క సందర్భం తప్ప మిగతా అన్నిటిలో మందు కదలడానికి ముందే ఒత్తిడి 15 పీఎస్ఐకి చేరింది. సూదిని ఒక్క మిల్లీమీటరు వెనక్కి తీయగానే 15 లోపలే మందు పోయింది. ఒక్క మిల్లీమీటరు తేడా! అచ్చు పన్నుల మధ్య పోగు ఒక పన్ను పక్కకు జరిగితే బట్టలో గీత పడుతుందని మనకు తెలుసు కదా, ఇదీ అంతే.

నరానికే కాదు, ఎక్కువ ఒత్తిడితో ఇంకో ప్రమాదం కూడా ఉంది. 2008లో నడుము దగ్గరి నరాలకు ఇచ్చే మత్తు మీద చేసిన అధ్యయనంలో, 20 పీఎస్ఐ దాటించి పోసినప్పుడు మందు అనుకున్న చోట ఆగకుండా వెన్నుపూస వైపు, అవతలి కాలు వైపు పాకింది. ప్రమాదం చూసి ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

కొలిచే పద్ధతులు

ఒత్తిడి కొలవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రెండు దారులు చెప్తాం.

ఒకటి, సిరంజికీ సూది గొట్టానికీ మధ్య పెట్టే చిన్న కొలత పరికరం. ఒత్తిడి పెరిగిన కొద్దీ దానిలోని కడ్డీ పైకి లేచి రంగు మారుతుంది. ఏ రంగు కనిపిస్తే ఆపాలో మందు నెట్టేవాళ్లకు, పక్కనున్నవాళ్లకు ఇద్దరికీ తెలుస్తుంది.

రెండోది, దాదాపు ఖర్చు లేనిది. కెనడా వైద్యులు 2006లో చెప్పారు. 30 మిల్లీలీటర్ల సిరంజిలో 20 మిల్లీలీటర్ల మందు, దాని పైన 10 మిల్లీలీటర్ల గాలి ఉంచి, సిరంజిని నిటారుగా పట్టుకుంటారు. పిస్టన్ నొక్కితే ముందు గాలి కుదించుకుపోతుంది. ఆ గాలి సగం అంటే 5 మిల్లీలీటర్లు అయ్యేంత వరకే నొక్కాలి, అంతకు మించొద్దు. గాలి సగానికి కుదిస్తే పుట్టే అదనపు ఒత్తిడి సుమారు 14.7 పీఎస్ఐ. పిల్లలు బడిలో చదివే బాయిల్ సూత్రమే ఇది. ఆ లోపల మందు పోతే సరే. పోకపోతే నెట్టకుండా ఆగి, సూది జరిపి మళ్లీ చూడాలి. ఆ గాలి ఒంట్లోకి పోకుండా చూసుకోవడం డాక్టర్ల పని. చిన్న ఊరి దవాఖానలో కూడా ఇది చేయొచ్చు.

ఇక్కడ నిజం పూర్తిగా చెప్పాలి. ఒత్తిడి ఎక్కువైందంటే ప్రతిసారీ సూది నరంలో ఉన్నట్టు కాదు. గట్టి పొరకు ఆనినా, సూది మూసుకుపోయినా ఎక్కువే చూపుతుంది. తక్కువ ఉందంటే నూటికి నూరు పాళ్లు క్షేమం అని కూడా కాదు. మనుషుల్లో నరం దెబ్బ అరుదు కాబట్టి, కొలవడం వల్ల ఎంత తగ్గిందని లెక్క కట్టి చూపడం కష్టం. అందుకే ఇది తప్పనిసరి చేయాలా వద్దా అన్న మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. మేము కొలవాలనే పక్షం. కళ్లు తెర మీద, నొక్కే బలం కొలత మీద, చెవి రోగి మాట మీద, ఈ మూడూ కలిస్తేనే భద్రత. ఒక్క పడుగుతో బట్ట కాదు కదా.

రోగి నోరే మూడో కొలత

ఆ మూడోది మీ చేతిలో ఉంది. మనవాళ్లకు ఒక అలవాటు ఉంది. డాక్టర్ ముందు ఓర్చుకోవడం. "కొంచెం నొప్పి ఉంటుందిలే, సార్ కోపమవుతారు" అని పళ్లు బిగించి కూర్చుంటారు. మిగతా చోట్ల ఓర్పు మంచిదే. ఇక్కడ మాత్రం వద్దు.

చర్మంలో సూది దిగేటప్పుడు చురుక్కుమనడం మామూలే. మందు నెట్టేటప్పుడు కరెంటు కొట్టినట్టు వేళ్ల దాకా జివ్వుమన్నా, భరించలేని నొప్పి వచ్చినా వెంటనే చెప్పాలి. నాంధేడ్ పోతే అక్కడి సిస్టర్లకు తెలుగు రాకపోవచ్చు. రోజూ బజారులో మాట్లాడే మరాఠీలోనే చెప్పండి: "థాంబా, కరంట్ లాగతోయ్." ఇంట్లో తెలుగు తప్ప రాని ముసలమ్మలకు కనీసం "థాంబా" అన్న ఒక్క మాట నేర్పి పంపండి. ఆ మాట వినగానే డాక్టర్ చేయి ఆగుతుంది. నాలుక మొద్దుబారినా, నోట్లో ఇనుము రుచి వచ్చినా, చెవుల్లో గుయ్‌మన్నా కూడా చెప్పాలి. అది మందు రక్తంలో ఎక్కువైందన్న సూచన కావచ్చు.

సూదికి ముందు డాక్టర్‌కు చెప్పవలసినవి ఇవి. షుగర్ ఉందా, చేతుల్లో ఇప్పటికే తిమ్మిరి ఉందా, రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతున్నారా, ఏ మందైనా ఇదివరకు పడలేదా. పాత తిమ్మిరి దాచొద్దు. అప్పటికే నలిగిన నరానికి ఇంకో దెబ్బ తగిలితే తేరుకోవడం కష్టం. ఏ వేలికి తిమ్మిరి ఉందో ముందే కాగితం మీద రాయించుకుంటే తర్వాత తగాదా ఉండదు.

అడగవలసినవి మూడే. నరాన్ని ఎట్లా చూస్తూ సూది వేస్తారు? మందు ఒత్తిడి ఎట్లా చూస్తారు? ఇంటికి పోయాక తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఇట్లా అడగడం అనుమానించడం కాదు. నూలు కొనేటప్పుడు నంబర్ అడగమా? అడిగితే వ్యాపారి కోపగించుకోడు, తెలిసినవాడు వచ్చాడని సర్దుకుంటాడు. మంచి డాక్టర్ కూడా అంతే. బిలోలి వాళ్లు కొందరు నాంధేడ్ పోతారు, కొందరు సరిహద్దు దాటి నిజామాబాద్, హైదరాబాద్ పోతారు. ఎక్కడికి పోయినా ఈ మూడు ప్రశ్నలు వెంట తీసుకుపోండి.

ఇంటికి వచ్చాక

మందును బట్టి చేయి 12 గంటలో, ఒక్కోసారి 24 గంటల దాకానో మొద్దుగా ఉండొచ్చు. దానికి భయపడొద్దు. ఆ చేతిని జోలెలో వేసుకోవాలి. పొయ్యి దగ్గరికి, ఇస్త్రీ పెట్టె దగ్గరికి పోవద్దు. కాలినా తెలియదు. సాంచా దగ్గరికి అసలే పోవద్దు. నొప్పి లేదు కదా అని పనిలో కూర్చుంటే కుట్లు తెగుతాయి.

రెండు రోజులు దాటినా మొద్దు తగ్గకపోయినా, వేళ్లు లేవకపోయినా, తగ్గిన తిమ్మిరి మళ్లీ పెరిగినా, మంట పుట్టినా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన దవాఖానకే ముందు పోవాలి. చేయి ఉబ్బి, కట్టు బిగిసి, వేళ్లు నల్లబడితే ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు, అదే క్షణం పోవాలి. పసర్లు, మర్దనలు అని తిరుగుతూ నెల గడపొద్దు. ఆపరేషన్ తర్వాత వచ్చే తిమ్మిరి అంతా సూది వల్లే కాదు. బిగుసుకున్న కట్టు, వాపు, ఆపరేషన్‌లో చేయి పెట్టిన తీరు కూడా కారణం కావచ్చు. ఏదో పరీక్ష చేసి తేల్చాలి. ఇట్లాంటి తిమ్మిర్లలో ఎక్కువ భాగం కొన్ని రోజుల్లో, వారాల్లో తగ్గిపోతాయి. తగ్గనివాటిని తొందరగా పట్టుకుంటే చికిత్సకు దారి ఉంటుంది.

సమాఖ్యకు మా మనవి

చివరగా రెండు కోరికలు. ఒకటి, ఈ మూడు ప్రశ్నలు, "థాంబా" అన్న మాట, ఇంటి జాగ్రత్తలు ఒక చీటీ మీద తెలుగులో, మరాఠీలో వేయించి ప్రతి ఇంటికీ ఫోన్‌లో పంపుదాం. భివండి, షోలాపూర్‌లో ఉన్న మన పిల్లలకు కూడా చేరాలి. రెండోది, మన పిల్లల్లో డాక్టర్లు, నర్సులు, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్లు అవుతున్నారు, సంతోషం. మీరు పనిచేసే చోట సిరంజి మీ చేతికి ఇస్తే కొలత పెట్టండి. పరికరం లేకపోతే 10 మిల్లీలీటర్ల గాలి పద్ధతి అడిగి నేర్చుకోండి. మందు కదలకపోతే "సార్, గట్టిగా ఉంది" అని పైకి చెప్పండి. చిన్నవాళ్లం ఎట్లా చెప్తాం అనుకోవద్దు. ఆ బల్ల మీద పడుకున్నది ఎవరో ఒకరి తల్లి, ఎవరో ఒకరి బాపు.

పోగు తెగితే మనం అతుకుతాం. నరం తెగితే అతకడం అంత సులువు కాదు. అందుకే తెగకముందే చూసుకుందాం.

 జై మార్కండేయ! జై పద్మశాలి!